ఆదిలోనే హంసపాదు – అసలు అర్థం ఏంటి?

ఏ పని మొదట్లోనే చెడినా పేపరోళ్ళు "ఆదిలోనే హంసపాదు" అని హెడ్డింగ్ పెట్టేస్తున్నారు, ఇంక ఆ పని అయిపోయినట్టే అన్న ధోరణిలో. హంసపాదు అంటే అపశకునమా అండీ?

— అపశకునం కాదండి. రాస్తుంటే అక్షరమో మాటో ఎగిరిపోతుంది కదా, అక్కడ చిన్న గుర్తు పెట్టి వదిలేసింది పైన రాస్తాం, ఆ గుర్తే హంసపాదు. మొదటి లైన్లోనే అది పెట్టాల్సొస్తే ఆదిలోనే హంసపాదు. అంటే తప్పు ఎక్కడుందో చూపించి దిద్దుకోమనే గుర్తు, కొట్టివేత కాదు, పేపరోళ్ళు ఈ సగం వదిలేశారు.

నన్నడిగితే దీనికి అచ్చమైన ఉదాహరణ 1858 అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కేబుల్. ఐర్లండ్ నుంచి న్యూఫౌండ్‌లాండ్ (కెనడా తూర్పు కొసన ఉన్న దీవి) దాకా సముద్రం అడుగున వేశారు, విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం వెళ్ళడానికి 16 గంటలు పట్టింది, అయినా న్యూయార్క్‌లో సంబరాలకి బాణాసంచా కాల్చి సిటీ హాల్ పైకప్పు అంటించుకున్నారు. మూడు నాలుగు వారాల్లో కేబుల్ మూగబోయింది. వైట్‌హౌస్ అనే ఆయన (కేబుల్ కంపెనీ ఎలక్ట్రీషియన్, చదువుకి డాక్టరు లెండి) సిగ్నల్ అందట్లేదని సుమారు 2000 వోల్టులు ఎక్కించాడు, అసలే రాగి తీగ సన్నం, పైన గట్టాపర్చా (రబ్బరులాంటి చెట్టుపాలు) తొడుగు కొన్నిచోట్ల సరిగ్గా లేదు, ఇంక తట్టుకుంటుందా! భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ మాత్రం తీగ లావుగా ఉండాలి, రాగి శుద్ధంగా ఉండాలి, వోల్టేజి పెంచడం కాదు అవతల సన్నటి సిగ్నల్ని పట్టే మీటరు కావాలి అంటూనే ఉన్నాడు.

— మనవైపు వేసిన ఎర్రసముద్రం కేబుల్ కూడా కలపండి, 1859-60లో సూయెజ్ నుంచి ఏడెన్ మీదుగా కరాచీకి, అదీ పోయింది. ఇవి ఎందుకు పోయాయో చూడ్డానికి వేసిన ఎంక్వైరీ కమిటీ రిపోర్టు 1861లో వచ్చింది. కేబుల్‌ని ఎలా తయారుచెయ్యాలి, వేసేముందు ఎలా టెస్ట్ చెయ్యాలి అన్నీ కూర్చుని తేల్చారు, కరెంటు, నిరోధం లాంటివి కొలవడానికి అందరికీ ఒకే యూనిట్లు ఉండాలన్న పని కూడా ఆ ఏడే ఊపందుకుంది, మనం స్కూల్లో చదివిన ఓమ్ అలా వచ్చిందే.

— అవునండి, 1866లో వేసింది నిలబడింది, 1870కి బొంబాయికీ లైనొచ్చింది. 1866లోనే లాటిమర్ క్లార్క్ అనే కేబుల్ ఇంజనీరు అప్పటికి పనిచేస్తున్న అట్లాంటిక్ కేబుళ్ళు రెండూ (ఒకటి 1865లో మొదలై 1866లో పూర్తయింది, రెండోది 1866లో వేసింది) కలిపి, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే వెండి తొడుగులో కాస్త యాసిడ్ పోసి బ్యాటరీ చేసి, సిగ్నల్ అవతలి ఒడ్డుకి పంపి వెనక్కి తెప్పించాడు, అంటే వోల్టేజి పెంచక్కర్లేదన్న థామ్సన్ మాటే నిజమైంది.

— అయితే పని పూర్తిగా ఆగిపోయిందని చెప్పాలంటే పేపర్లో "ఆదిలోనే హంసపాదు" కాదు, "మూలపడింది" అని రాస్తే సరిపోయేది.