వీఎస్2 మసకగా ఉంది, ఎస్ఐ1 మెరుస్తోంది. ఏది కొనాలి?

చిన్నపిచ్చుక:
ఉంగరం కోసం రెండు వజ్రాల దగ్గర ఆగిపోయా. రెండూ రౌండే, రెండూ క్యారెట్ దాటినవే, రంగు గ్రేడు జీ, కట్ ఎక్సలెంట్, రెండిటికీ జీఐఏ (వజ్రాలకి గ్రేడు ఇచ్చే ల్యాబ్) రిపోర్టు ఉంది. క్లారిటీ గ్రేడు ఒకటి వీఎస్2, ఇంకోటి దానికి ఒక మెట్టు కింద ఎస్ఐ1. ఎస్ఐ1లో అంచు దగ్గర చిన్న నల్ల నలుసు ఉంది, లూప్ (చిన్న భూతద్దం) పెడితేనే కనబడుతోంది. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే మెరుపంతా ఎస్ఐ1దే, వీఎస్2 మీద ఏదో పల్చటి పాలపొర ఉన్నట్టుంది. అమ్మేవాడేమో "క్లారిటీ ఎక్కువున్నదే ఎక్కువ పారదర్శకం మేడమ్, మీకలా అనిపిస్తోంది అంతే" అంటున్నాడు. పైగా వీఎస్2 ధరే ఎక్కువ. క్లారిటీ, ట్రాన్స్‌పరెన్సీ ఒకటేనా వేరువేరా?

కాగితంపులి:
ఒకటే. వీఎస్2 అంటే 10 రెట్లు పెంచి చూసే లూప్ కింద కూడా కాస్త వెతికితే గానీ దొరకని నలుసులు. ఎస్ఐ1లో అదే లూప్ కింద ఇట్టే కనబడతాయి. లోపల అడ్డం తక్కువున్న రాయిలో వెలుగు ఎక్కువ పోతుంది, ఇందులో చర్చ ఏముంది. షాపు లైట్ల కింద చూసి మోసపోకండి, కాగితం చూసి కొనండి.

లూపుకన్ను:
ఒకటి కాదండీ. క్లారిటీ గ్రేడు నలుసుల లెక్క, ఎంత పెద్దవి, ఎన్ని, ఎక్కడున్నాయి, ఏ రకం, ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి అని. ట్రాన్స్‌పరెన్సీ అంటే వెలుగు చెదరకుండా లోపలికెళ్ళి బయటికి రావడం. లూప్‌కి విడివిడిగా అందనంత సన్నటి కణాలు గుంపుగా ఉన్నా, క్రిస్టల్ పెరిగేటప్పుడు గ్రెయినింగ్ (లోపలి సన్నటి గీతలు) పడినా వెలుగు చెదిరిపోతుంది. ఇదిగో నలుసు అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు, రాయి మొత్తం మసక. రిపోర్టులో ట్రాన్స్‌పరెన్సీకి విడిగా గడే లేదు. మీ వీఎస్2కి కామెంట్స్ దగ్గర ఏముంది, ఫ్లోరోసెన్స్ (అల్ట్రావయొలెట్ కాంతి పడితే రాయి వెలగడం) ఎంతుంది?

నూనెచేతులు:
ముందు కడిగించారా? వేళ్ళ జిడ్డు అంటితే ఎంత గొప్ప రాయైనా మసకే.

చిన్నపిచ్చుక:
నా ముందే కడిగించా. వీఎస్2కి ఫ్లోరోసెన్స్ స్ట్రాంగ్ బ్లూ. కామెంట్స్‌లో అదనపు క్లౌడ్స్ చూపలేదు, ఇంటర్నల్ గ్రెయినింగ్ చూపలేదు అని ఉంది. ఎస్ఐ1కి ఫ్లోరోసెన్స్ లేదు, కామెంటూ లేదు.

ఎదురుగాలి:
స్ట్రాంగ్ బ్లూ నా. పారిపోండి.

కాగితంపులి:
వచ్చేసింది ఫ్లోరోసెన్స్ దెయ్యం. 1997లో జీఐఏ వాళ్ళు మనుషులకి రాళ్ళు చూపించి మరీ పరీక్ష చేశారు, మామూలు జనానికి తేడానే తెలియలేదు, పైగా స్ట్రాంగ్ ఉన్నవి పైనుంచి చూస్తే రంగు ఇంకాస్త మెరుగ్గా అనిపించాయి. ఫ్లోరోసెన్స్ వల్ల మసకబారినవి తమ దగ్గరికొచ్చిన ఫ్లోరోసెంట్ రాళ్ళలో 0.2 శాతం కూడా లేవని కూడా వాళ్ళే చెప్పారు. 0.2 కోసం అందరినీ భయపెట్టకండి.

లూపుకన్ను:
నేను ఫ్లోరోసెన్స్ వల్లే మసక అన్నానా? ఎంతుందని అడిగా అంతే. వెలుగుని చెదరగొట్టే లోపం రాయిలో ముందే ఉంటే, పైన స్ట్రాంగ్ ఫ్లోరోసెన్స్ తోడైతే కాంట్రాస్ట్ ఇంకొంచెం పడిపోతుంది. ఇది కూడా జీఐఏ వాళ్ళ పత్రికలోనే 2021లో వచ్చింది. కామెంట్స్‌లో "చూపలేదు" అంటే లేవని కాదు, ఉన్నాయి గానీ రిపోర్టు బొమ్మలో గీయలేదని. క్లౌడ్స్ (సన్నటి కణాల గుంపులు) కామెంట్ చాలా మంచి రాళ్ళకీ ఉంటుంది, ఒక్కదాన్నే చూసి వద్దనను. ఇక్కడ క్లౌడ్స్, గ్రెయినింగ్, స్ట్రాంగ్ బ్లూ మూడూ ఉన్నాయి, అన్నిటికీ మించి ఆవిడ కంటికి మసక కనబడుతోంది.

కాగితంపులి:
0.2 శాతం. దీనికి జవాబు రాలేదు.

అక్షరదీపం:
పారదర్శకం తెలుసుకోడానికి రాయిని పేపర్ మీద బోర్లిస్తే కింద అక్షరాలు కనబడాలి అంటారు కదా?

లూపుకన్ను:
అక్షరాలు చక్కగా చదవగలిగితే అది అసలు వజ్రమేనా అని చూసుకోవాలండీ. వజ్రం వక్రీభవన గుణకం 2.42, బాగా కోసిన రౌండ్ రాయిలో పైనుంచి వెళ్ళిన వెలుగు చాలావరకు పైకే తిరిగొస్తుంది, అడుగున ఉన్నది కనబడదు. ఆ పరీక్షకీ మసకకీ సంబంధం లేదు.

పాతగని:
కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల రాళ్ళకి గోల్కొండ వజ్రాలని ప్రపంచమంతా పేరొచ్చింది ఆ స్వచ్ఛతకే. వాటిలో మేలైనవి టైప్ టూఏ రకం, నైట్రోజన్ దాదాపు ఉండదు. కోహినూర్ కూడా అదే రకం. అప్పట్లో సర్టిఫికెట్ ఎక్కడిది, కన్నే.

కాగితంపులి:
కోహినూర్ కొనేటప్పుడు మీ సలహా తీసుకుంటాం సార్.

వెలిసినకమ్మలు:
నా సంగతి వినండి. వీఎస్ కమ్మలు, కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి, షాపులో నెత్తిమీద స్పాట్‌లైట్ల కింద తళతళలాడాయి. ఇంటికొచ్చి కిటికీ దగ్గర చూస్తే అద్దానికి ఆవిరి పట్టినట్టున్నాయి. తీసుకెళ్ళి అడిగితే సర్టిఫికెట్ నా మొహం ముందు ఆడించి "మేడమ్ వీఎస్ అని రాసుంది చూడండి" అని పంపించేశారు. కాగితంపులి గారూ, మీలాంటి వాళ్ళే ఉంటారు కౌంటర్ వెనక.

కాగితంపులి:
నేను అమ్మేవాణ్ణి కాదు, మాట జాగ్రత్త. మా అమ్మ ముక్కుపుడకా గాజులూ కొన్నది కాగితం లేకుండానే, తరాల నుంచి నమ్మిన షాపు, "అబ్బ నీళ్ళలా ఉన్నాయమ్మా" అని ఇచ్చారు. అవసరానికి అమ్మబోతే అదే షాపులో కొడుకు కూర్చుని, లోపల మచ్చలున్నాయి రంగు దిగింది అని సగం ధర కూడా కట్టలేదు. కంటి మాట నమ్మితే మాకు జరిగింది అదీ. కాగితం ఉంటే ఆ నోరు లేచేదా? ఇప్పుడు మీరు కొలత లేని ట్రాన్స్‌పరెన్సీ అనే మాట తెచ్చి కొనేవాళ్ళ నెత్తిన పెడుతున్నారు. రేపు ప్రతి షాపువాడూ ఇది పారదర్శకం అది కాదు అని నోటికొచ్చిన రేటు చెప్తాడు.

లూపుకన్ను:
అదా సంగతి, ఇందాకట్నుంచి 0.2 శాతం పట్టుకు వేలాడితే నాకేం తెలుస్తుంది. మీ భయం తిరిగి అమ్మేటప్పటిది. సరే, అమ్మే లెక్కలోనే మాట్లాడదాం. డీలర్లు ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు కొనేటప్పుడు "నో బీజీఎం" అని అడుగుతారు, బ్రౌన్, గ్రీన్, మిల్కీ ఉండకూడదని. రిపోర్టులో గ్రేడు ఎంత బాగున్నా మిల్కీ రాయికి వాళ్ళు ధర కోసేస్తారు. అంటే మసక సంగతి వాళ్ళకి ముందే తెలుసు, తెలియనిది మనకే. మీ వీఎస్2 కాగితం పట్టుకెళ్ళినా కొనేవాడు రాయి బయటికి తీయమంటాడు.

కాగితంపులి:
మరి వాళ్ళకి తెలిసినప్పుడు రిపోర్టు మీద రాయడానికేం రోగం? నా గొడవ అదే. రాసినరోజు నేనూ ఒప్పుకుంటా. కొనేవాళ్ళంతా లూప్ పట్టుకుని నిపుణులైపోవాలి అనడం అన్యాయం.

వెలిసినకమ్మలు:
ఈ ఒక్క ముక్క మాత్రం నిజం.

లూపుకన్ను:
రాసేదాకా ఆవిడ ఉంగరం ఆగదుగా. చిన్నపిచ్చుక గారూ, స్పాట్‌లైట్ల నుంచి పక్కకి తీసుకొచ్చి, నేరుగా ఎండ పడని కిటికీ వెలుగులో రెండూ ఒకే తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. బాగున్న రాయిలో నలుపూ తెలుపూ గట్టిగా విడిపోయి కనబడతాయి, మసక రాయిలో నలుపు బూడిదగా ఉంటుంది. తర్వాత లూప్‌తో పైనున్న టేబుల్ (రాయి పైన పెద్ద చదును ముఖం) లోంచి అడుగు ఫాసెట్ల (చెక్కిన చిన్న ముఖాల) అంచుల మీద ఫోకస్ పెట్టండి, గీత గీసినట్టు పదునుగా రావాలి. ఎంత సర్దినా అలుక్కుపోయినట్టే ఉంటే అది మీకు అనిపించడం కాదు, రాయిలోనే ఉంది. ఇంకోటి, మిల్కీ కాదని బిల్లు మీద రాసిమ్మనండి.

చిన్నపిచ్చుక:
అడిగా. రిపోర్టు ఉండగా మేమెందుకు రాయాలి మేడమ్ అన్నాడు. ఎస్ఐ1కి రాసిస్తారా అంటే దానికి మాత్రం వెంటనే సరే అన్నాడు!

ఎదురుగాలి:
😂😂 ఇంకేం కావాలి

కాగితంపులి:
ఎస్ఐ1కే వెళ్ళేట్టుంటే రిపోర్టులో బొమ్మ చూడండి, ఆ అంచు దగ్గరున్నది క్రిస్టలా (లోపల చిక్కుకున్న ఖనిజ నలుసు) ఫెదరా? ఫెదర్ అంటే సన్నటి పగులు, అది అంచుదాకా వచ్చి ఉంటే ప్రాంగ్ (రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కెం) నొక్కేటప్పుడు రాయి చెదిరే ప్రమాదం ఉంది. ఇది మాత్రం కాగితం మీదే ఉంటుంది, చూడండి.

చిన్నపిచ్చుక:
క్రిస్టల్ అనే ఉందండీ. సెట్టింగ్ చేసేవాణ్ణి కూడా ఒకసారి చూడమని చెప్పా.