హెల్సింకీ ఒడ్డున పచ్చటి తెట్టు, పాపను నీళ్లలోకి దింపవచ్చా?

నమస్కారం అండీ. మేం ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీకి వచ్చి ఏడాదైంది. మొన్న ఎండ బాగా కాసిందని పాపను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్తే, నీళ్ల మీద పచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టి ఉంది. అది నీలి ఆకుపచ్చ నాచు, విషం ఉండొచ్చన్నారు. అప్పటికే పాప మోకాళ్ల దాకా దిగింది, ఒకటే టెన్షన్.

కర్రతో కదిపినప్పుడు పొడిలా విడిపోతే ఆ నాచేనని, కర్రకు పీచులా అంటుకుంటే మామూలు పాచి అని చెబుతున్నారు. ఆ ఒక్క పరీక్షను నమ్మవచ్చా?

ఇంకొకటి. పొలాల నుంచి కొట్టుకొచ్చే భాస్వరం ఈ నాచును పెంచి ఇక్కడి బాల్టిక్ సముద్రాన్ని పాడుచేస్తోందని, దాన్ని ఆపడానికి ఇక్కడి రైతులు జిప్సం చల్లుతున్నారని చదివాను. మా ఊళ్లో వేరుశనగకు వేసే జిప్సమే! దానివల్ల నీళ్లలో తేడా కనిపిస్తోందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.