అప్‌డేట్: ఎర్రనేలలో మెటల్ డిటెక్టర్ సెట్టింగులు, ఉంగరం దొరికింది

ఉరవకొండ దగ్గర మా శెనక్కాయ చేనులో కలుపు తీస్తుంటే వదిన బంగారు ఉంగరం జారిపోయిందనీ, డిటెక్టర్ పెడితే అడుగడుగునా ఊరికే మోగుతోందనీ అడిగాను కదా. దొరికింది! సలహా ఇచ్చిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

గ్రౌండ్ బ్యాలెన్స్‌తోనే, అంటే మట్టికి మిషన్ మోగకుండా సర్దుకోవడంతోనే, సగం పని అయిపోయింది. మా ఎర్రమట్టిలో ఇనుము పాలు ఎక్కువ, ఆ మట్టికే మిషన్ మోగుతోంది. లోహం లేని చోటు చూసుకుని, మిషన్ కింది చివరన ఉండే కాయిల్‌ని జానెడెత్తు నుంచి నేలకు ఆనేదాకా పైకీ కిందికీ ఆడిస్తూ, శబ్దం నిలకడగా వచ్చేవరకు నాబ్ తిప్పాను. తర్వాత సెన్సిటివిటీ (సిగ్నల్ పట్టే శక్తి) కాస్త తగ్గించాను. లోతు కొంత పోతుంది, కానీ ఉంగరం ఉండేది పైమట్టిలోనే కదా.

డిస్క్రిమినేషన్‌తో, అంటే ఏ లోహానికి మోగకూడదో ఎంచుకునే సెట్టింగుతో, మాత్రం జాగ్రత్త. చెత్త మోగకూడదని పెంచితే సన్న ఉంగరం కూడా తప్పిపోతుంది. మాత్రల రేకుకీ దానికీ సిగ్నల్ దాదాపు ఒకటే. అందుకే ఇనుము ఒక్కటే ఆపేసి, రేకు ముక్కలన్నీ ఓపిగ్గా తవ్వుకుంటూ, సాళ్ల వెంబడి నెమ్మదిగా వెళ్లాం. చివరికి ఒక మొక్క మొదట్లో, మట్టిగడ్డలో ఇరుక్కుని మెరిసింది. వదినకు కళ్లనీళ్లు ఆగలేదు.

వజ్రాలకు పనికొస్తుందా అని అడిగినవాళ్లకు: రాదు. వజ్రం లోహం కాదు, మోగదు. వజ్రాలు దొరికే వజ్రకరూరు చేలల్లో జనం కంటితోనే వెతుకుతారు. ఇంకొకటి, భూమిలో పాతకాలపు నిధి ఏదైనా బయటపడి దాని విలువ 10 రూపాయలు దాటితే, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి.