స్టీవ్ కాపెల్: రెడింగ్‌లో 106 పాయింట్లు, జంషెడ్‌పూర్‌లో 16 గోల్స్. ఇద్దరూ ఒకే కోచేనా?

పర్లాకిమిడి_లెఫ్ట్‌వింగ్:
అందరికీ నమస్కారం. మన గజపతి, రాయగడ వైపు కాపెల్ పేరు తెలిసింది ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) వల్లే. 2016లో కేరళ బ్లాస్టర్స్, 2017-18లో జంషెడ్‌పూర్, ఆ తరువాత కోల్‌కతా జట్టు ఏటీకే. ఆ మ్యాచులు చూసినవాళ్ళు "గోల్ కొట్టడం చేతకాని కోచి" అని తేల్చేశారు. కానీ ఇంగ్లండు రెండో అంచె లీగులో ఒక సీజన్లో అత్యధిక పాయింట్ల రికార్డు ఈయన జట్టు రెడింగ్‌దే, 99 గోల్స్ కొట్టి మరీ. ఈ రెండూ ఎలా పొసుగుతాయో తెలిసినవాళ్ళు చెప్పండి. ఆటగాడిగా మొదలై కోచింగ్‌లోకి ఎలా వచ్చాడో వరసగా చెబితే ఇంకా మంచిది.

ఇంకో స్వార్థం కూడా ఉంది. ఇక్కడ అండర్-17 కుర్రాళ్ళకి 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) నేర్పిస్తున్నాం. గ్రౌండు చిన్నది, పొడవు 90 మీటర్లు, వెడల్పు 50 ఉంటుందేమో. వింగర్లు బంతి పోగానే నడుస్తారు, క్రాస్ వేస్తే బాక్సులో ఒక్కడే ఉంటాడు. రెడింగ్ ఆటలో మాకు పనికొచ్చేది ఏమైనా ఉందా?

బరంపురం_పాతకాపు:
తమ్ముడూ, వరసగా చెప్పాలంటే ట్రాన్మియర్ దగ్గర మొదలెట్టాలి. 1955లో లివర్‌పూల్లో పుట్టాడు. ట్రాన్మియర్ రోవర్స్‌కి ఆడుతూనే లివర్‌పూల్ యూనివర్సిటీలో చదువుకున్నాడు. 1975లో టామీ డోచర్టీ 60,000 పౌండ్లిచ్చి మాంచెస్టర్ యునైటెడ్‌కి తీసుకున్నాడు. అప్పటికి యునైటెడ్ రెండో డివిజన్లో ఉంది. కుడి వింగర్. గీత మీద పరుగెత్తి క్రాస్ వెయ్యడం ఒక్కటే కాదు, బంతి పోతే తన ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) దాకా వెనక్కొచ్చేవాడు. 1977లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్ (ఇంగ్లండు క్లబ్బుల నాకౌట్ టోర్నీ) గెలిచిన జట్టులో ఉన్నాడు. 1977 నుంచి 1981 దాకా వరసగా 207 మ్యాచులు ఆడాడు. గోల్‌కీపర్లను పక్కనపెడితే యునైటెడ్‌లో అది రికార్డు.

అలాంటివాడికి 1981 నవంబరులో వెంబ్లీలో హంగరీతో ఆడుతుంటే యోజెఫ్ తోత్ టాకిల్‌తో మోకాలు పోయింది. ఆపరేషన్లు చేయించుకుని 1982 వరల్డ్ కప్ కూడా ఆడాడు గాని ఆ మోకాలు తేరుకోలేదు. ఇంగ్లండుకి 42 మ్యాచులు ఆడి, 1983లో 28 ఏళ్ళకే ఆట మానేశాడు.

1984లో క్రిస్టల్ ప్యాలెస్ మేనేజరు అయ్యాడు. వయసు 28. రెండో డివిజన్ క్లబ్బు, చేతిలో డబ్బు లేదు. అప్పుడు మొదలెట్టిన పద్ధతే చివరిదాకా నడిపించాడు: పెద్ద క్లబ్బులు కన్నెత్తి చూడని చోట ఆటగాళ్ళని వెతకడం. ఇయాన్ రైట్‌ని గ్రీనిచ్ బరో అనే నాన్‌లీగ్ జట్టు నుంచి తెచ్చాడు, అదీ 21 దాటాక. మార్క్ బ్రైట్ లెస్టర్లో ఇమడలేకపోతే తెచ్చుకుని రైట్‌కి జోడీ కట్టాడు. 1989లో ప్లేఆఫ్ ఫైనల్ మొదటి లెగ్ బ్లాక్‌బర్న్‌లో 3-1తో ఓడి, రెండోది ఎక్స్‌ట్రా టైములో 3-0 గెలిచి పై డివిజన్‌కి వెళ్ళారు.

తరువాతి సీజనే అసలైనది. 1989 సెప్టెంబరులో లివర్‌పూల్ గ్రౌండు ఆన్‌ఫీల్డ్‌లో 9-0 ఓటమి, ఎనిమిది మంది వేరువేరు ఆటగాళ్ళు గోల్ కొట్టారు. వేరే కోచి అయితే ఫార్మేషన్ మార్చేవాడు. కాపెల్ జబ్బు ఎక్కడుందో అక్కడే మందు వేశాడు: నవంబరులో బ్రిస్టల్ రోవర్స్ నుంచి నైజెల్ మార్టిన్‌ని 10 లక్షల పౌండ్లకి కొన్నాడు. బ్రిటన్లో గోల్‌కీపర్‌కి అంత పెట్టడం అదే మొదలు. డిఫెన్సులోకి ఆండీ థార్న్‌ని తెచ్చాడు. ఏప్రిల్‌లో ఎఫ్ఏ కప్ సెమీస్‌లో అదే లివర్‌పూల్‌ని 4-3తో కొట్టారు. ఫైనల్లో యునైటెడ్‌తో 3-3, రీప్లేలో 1-0 ఓటమి. 1990-91లో లీగులో మూడో స్థానం.

అక్కడ్నుంచి కిందికి. రైట్‌ని 1991లో ఆర్సెనల్‌కి అమ్మారు. 1993లో 49 పాయింట్లుండి కూడా గోల్ డిఫరెన్స్‌తో (కొట్టిన, ఇచ్చుకున్న గోల్స్ తేడాతో) కింది డివిజన్‌కి దిగిపోయారు, ఈయన తప్పుకున్నాడు. 1996లో మాంచెస్టర్ సిటీలో ఆరు మ్యాచులు, 33 రోజులు, ఆరోగ్య కారణాలతో రాజీనామా. మళ్ళీ ప్యాలెస్, ఆపైన బ్రెంట్‌ఫర్డ్, బ్రైటన్. 2003 అక్టోబరులో రెడింగ్. రెడింగ్ సంగతి మన రాయగడ ఆయన చెబితేనే బాగుంటుంది.

రాయగడ_రైట్‌బ్యాక్:
పిలిచారు కదా, వచ్చాను. 2005-06 రెడింగ్: 46 మ్యాచుల్లో 31 గెలుపు, 13 డ్రా, 2 ఓటమి. 99 కొట్టారు, 32 ఇచ్చుకున్నారు. మొదటి మ్యాచే సొంత గ్రౌండులో ప్లిమత్ చేతిలో 2-1 ఓడి, అక్కడ్నుంచి లీగులో వరసగా 33 మ్యాచులు ఓడలేదు. చివరిరోజు క్యూపీఆర్ (క్వీన్స్ పార్క్ రేంజర్స్) మీద గ్రేమ్ మర్టీ పెనాల్టీతో 106కి చేరారు. అంతకుముందు రికార్డు సండర్లాండ్‌ది, 105.

జట్టు ఖరీదు చూడండి. కెవిన్ డాయిల్‌ని ఐర్లండులోని కార్క్ సిటీ నుంచి 78,000 పౌండ్లకి తెచ్చారు. ఆ సీజన్లో లీగులో 18 గోల్స్. షేన్ లాంగ్ కూడా అప్పుడే అక్కడ్నుంచే వచ్చాడు. సెంటర్‌బ్యాక్‌లు ఇంగిమార్సన్, సోంకో ఇద్దరూ బ్రెంట్‌ఫర్డ్‌లో ఆడినవాళ్ళే, ఇంగిమార్సన్ అయితే అక్కడ ఈయన దగ్గరే ఆడాడు. అంటే ఇంగిమార్సన్‌కి లైను ఎక్కడ నిలబెట్టాలో కొత్తగా చెప్పే పనే లేదు. నన్నడిగితే 106లో సగం అక్కడుంది.

ఇక మీ కుర్రాళ్ళ సంగతి. రెడింగ్‌లో కుడివైపు గ్లెన్ లిటిల్, ఎడమవైపు బాబీ కాన్వే. ఇద్దరూ గీత పట్టుకుని ఆడతారు, కానీ బంతి అవతలి వైపుంటే లోపలికి వచ్చేస్తారు. మీ దగ్గర తప్పేది ఇక్కడే. ముందు బంతి లేకుండా నేర్పండి. సున్నంతో గ్రౌండుని నిలువునా నాలుగు పట్టీలుగా గియ్యండి. మీ వెడల్పుకి ఒక్కోటి 12 మీటర్ల చిల్లర వస్తుంది. ఎనిమిది మందిని రెండు వరసల్లో నిలబెట్టండి. మీరు చెయ్యి ఎటు చూపిస్తే బంతి అటున్నట్టు. చివరి కుడి పట్టీలో బంతి ఉంటే ఎడమ చివరి పట్టీ పూర్తిగా ఖాళీ అవ్వాలి, అందరూ మిగతా మూడింట్లో సర్దుకోవాలి. రెండు వరసల మధ్య దూరం 10 నుంచి 12 మీటర్లు. 15 దాటితే ఆ సందులోకి ఒక్క పాస్ చాలు, మీ మిడ్‌ఫీల్డు మొత్తం ఆటలో లేనట్టే. నాలుగేసి నిమిషాలు నాలుగు విడతలు చాలు. ఎక్కువ చేస్తే కుర్రాళ్ళకి విసుగొచ్చి కాళ్ళు కదులుతాయి గాని కళ్ళు కదలవు.

తరువాత బంతితో. క్రాస్ వేసేటప్పుడు బాక్సులోకి వెళ్ళేది ముగ్గురు: ఒక స్ట్రైకర్ దగ్గరి పోస్టుకి, రెండోవాడు పెనాల్టీ చుక్క దగ్గరికి, అవతలి వింగర్ దూరపు పోస్టుకి. ఒక మిడ్‌ఫీల్డర్ బాక్సు అంచున ఆగాలి, క్లియరైన బంతి అక్కడికే వస్తుంది. రెండో మిడ్‌ఫీల్డర్ కదలకూడదు. మీకు బాక్సులో ఒక్కడే మిగులుతున్నాడంటే కారణం రెండిట్లో ఒకటి. స్ట్రైకర్లిద్దరూ బంతి కోసం ఒకే వైపు పోతున్నారు, లేదా అవతలి వింగర్ క్రాస్ పడ్డాక పరుగు మొదలెడుతున్నాడు. క్రాస్ వేసేవాడు తల దించి బంతిని చూసిన క్షణమే పరుగుకి గుర్తు అని చెప్పండి. అంతకుముందు వెళ్తే ఆగి నిలబడాలి, నిలబడ్డవాడిని మార్క్ చెయ్యడం తేలిక. కుడి నుంచి పది, ఎడమ నుంచి పది, మొదట డిఫెండర్లు లేకుండా, తరువాత ఇద్దరితో.

పర్లాకిమిడి_లెఫ్ట్‌వింగ్:
ధన్యవాదాలు అన్నయ్యా. తల దించడం గుర్తు అన్నది బాగా పనికొస్తుంది. మరి అంత గట్టి జట్టు 2008లో ఎందుకు దిగిపోయింది? కార్నర్ల గురించి కూడా ఒక ముక్క చెప్పండి, మా దగ్గర పొడుగువాళ్ళు ఇద్దరే.

రాయగడ_రైట్‌బ్యాక్:
2006-07లో ప్రీమియర్ లీగులో 8వ స్థానం, 55 పాయింట్లు. యూరప్ చోటు ఒక్క పాయింటులో పోయింది. ఆ వేసవిలో సిడ్వెల్ కాంట్రాక్టు అయిపోయి చెల్సీకి ఉచితంగా వెళ్ళాడు. మధ్యలో పరుగెత్తి గోల్ కొట్టే మనిషి పోయాడు, ఆ స్థాయివాడు మళ్ళీ రాలేదు. రెండో ఏడాదికి ప్రత్యర్థులకి వీళ్ళ ఆట కంఠతా వచ్చేసింది. పోర్ట్స్‌మత్‌లో 7-4, స్పర్స్ (టాటెన్‌హామ్) దగ్గర 6-4 ఓటములు ఆ సీజన్లోవే. చివరిరోజు డార్బీని 4-0 కొట్టినా, ఫుల్హమ్ కూడా గెలవడంతో 36 పాయింట్ల దగ్గర ఇద్దరూ సమానమై రెడింగ్ గోల్ డిఫరెన్స్‌తో దిగింది. 1993లో జరిగిందే మళ్ళీ. నమ్మిన ఆటగాళ్ళని వదులుకోలేకపోవడం కాపెల్ బలహీనత అని నా లెక్క, అదే అతని బలం కూడా కావడం వేరే సంగతి.

కార్నర్‌కి ఇద్దరు పొడుగువాళ్ళు చాలు. 1990 సెమీస్‌లో ప్యాలెస్ గెలుపు గోల్ గుర్తు చేసుకోండి: గ్రే కార్నర్, దగ్గరి పోస్టు వైపు థార్న్ తలతో తగిలించి వెనక్కి పంపాడు, వెనక ఖాళీగా వచ్చిన పార్డ్యూ తలతో కొట్టాడు. బంతి ఆరు గజాల పెట్టె దగ్గరి మూల మీదికి, తల ఎత్తులో, వేగంగా రావాలి. గాల్లోకి లేపితే కీపర్‌కి ఇచ్చినట్టే. ఒక పొడుగువాడు ఆ మూలకి, రెండోవాడు దూరపు పోస్టు బయటి నుంచి లోపలికి. పొట్టివాడొకడిని కీపర్ ముందు నిలబెట్టండి, కానీ చేతులు కట్టుకోమనండి, లేకపోతే ఫౌలు ఇస్తారు.

గుణుపురం_గోల్‌కీపర్:
ఐఎస్ఎల్ భాగం నేను చెబుతాను. 2016 కేరళ: 14 మ్యాచుల్లో 13 గోల్స్ కొట్టి 15 ఇచ్చుకుని కూడా 22 పాయింట్లతో రెండో స్థానం. ముంబయిలో 5-0 ఓడారు గనక ఆ తేడా అలా కనిపిస్తుంది. గెలుపులన్నీ ఒక్క గోలువే, చెన్నయిన్ మీద 3-1 తప్ప. మొదట్లో గోలుకి మొహం వాచిపోయారు, ఏఎఫ్‌సీ కప్ (ఆసియా క్లబ్బుల టోర్నీ) ఫైనల్ ముగించుకుని సి.కె.వినీత్ వచ్చాక ఆట మారింది, ఐదు గోల్స్ కొట్టాడు. కొచ్చి ఫైనల్లో ఏటీకేతో 1-1, పెనాల్టీల్లో 4-3 ఓటమి. సీజన్ మధ్యలో వచ్చిన స్ట్రైకర్‌ని వారంలో ఆటలో ఇమడ్చడం అందరివల్లా కాదు.

జంషెడ్‌పూర్ సంగతి వేరు. సరికొత్త క్లబ్బు. పైగా ఆ ఏడాదే రూలు మారి మైదానంలో విదేశీయులు ఐదుగురికి తగ్గారు, కనీసం ఆరుగురు భారతీయులు ఉండాల్సి వచ్చింది. కాపెల్ ముందు వెనక భాగం కట్టుకున్నాడు: గోల్లో సుబ్రతా పాల్, డ్రాఫ్టులో (క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకునే పద్ధతి) మొదటి పేరు అనస్ ఎడతొడిక, రెడింగ్‌లో తన దగ్గర ఆడిన ఆంద్రే బికే, తిరి. విదేశీ చోట్లు డిఫెన్సుకే ఖర్చయితే ముందుకి ఏం మిగులుతుంది? మొదటి మూడు మ్యాచులూ 0-0. మొత్తం 18 మ్యాచుల్లో 16 గోల్స్, 26 పాయింట్లు, ఐదో స్థానం. ప్లేఆఫ్ చోటు కోసం గోవాతో ఆడిన చివరి మ్యాచిలో సుబ్రతా పాల్ బాక్సు బయట చెయ్యి తగిలించి మొదట్లోనే రెడ్ కార్డు తీసుకున్నాడు, 3-0తో అంతా అయిపోయింది. దాన్ని కోచి ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు.

ఏటీకేలో మాత్రం నేను వెనకేసుకురాను. లాంజరోటె, ఎవర్టన్ సాంటోస్, కలు ఉచె ఉన్న జట్టు ఆరో స్థానంలో మిగిలింది. ఉచె గాయపడ్డాక ప్రత్యామ్నాయం చూపించలేకపోయాడు.

బరంపురం_పాతకాపు:
గుణుపురం తమ్ముడు చెప్పినదానికి ఒక చేర్పు. రెడింగ్ 4-4-2కి రెండేళ్ళు పట్టింది. 2003-04లో వాళ్ళు 9వ స్థానం, 2004-05లో 7, ఆ తరువాతే 106. ఐఎస్ఎల్లో మూడేళ్ళలో మూడు క్లబ్బులు.

పర్లాకిమిడి తమ్ముడూ, నీ గ్రౌండు వెడల్పు 50 మీటర్లే గనక వింగర్లిద్దరూ గీత మీద ఉంటే ఫుల్‌బ్యాక్ పైకి రావడానికి దారుండదు. ఒక వైపే ఫుల్‌బ్యాక్‌ని పంపు, ఆ వైపు వింగర్ లోపలికి రావాలి. రెండో ఫుల్‌బ్యాక్ సెంటర్‌బ్యాక్‌ల పక్కనే ఉండిపోవాలి. రెండు వైపులా ఒకేసారి వదిలితే ఒక్క లాంగ్ బాల్‌కి కీపర్ ఒంటరివాడవుతాడు.

పర్లాకిమిడి_లెఫ్ట్‌వింగ్:
ఎడమవైపు ఫుల్‌బ్యాక్‌కి పరుగుంది, అతన్నే పంపుతాం. ఆదివారం సున్నం గీతలతో మొదలెడతాం.