సిమ్యులేషన్లు, రాకెట్లు రెండూ చేయొచ్చా?

ప్రశ్న: హన్మకొండ_ఫిజిక్స్
హన్మకొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నా. ప్రాజెక్టు సౌర పవనం (సూర్యుడి నుంచి నిరంతరం వెలువడే ఆవేశిత కణాల ప్రవాహం) మీద, అంతా కంప్యూటర్ సిమ్యులేషన్లకు కోడ్ రాయడం, గ్రాఫులు గీయడమే. సాయంత్రాలు దోస్తులతో కలిసి నీళ్ల రాకెట్లు చేస్తున్నా. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, సైకిల్ పంపు, పీవీసీ పైపులతో లాంచర్. త్రస్ట్ (రాకెట్‌ను తోసే బలం) కొలుద్దామని లోడ్‌సెల్ అనే బలం కొలిచే సెన్సర్ పెట్టాం, కానీ ఒక రీడింగుకు ఇంకోదానికి పొంతనే లేదు. ఇంట్లోనేమో రెండు పడవల మీద కాళ్లు పెట్టకు, ఏదో ఒకటి పట్టుకో అంటున్నారు. నిజంగా ఇవి వేర్వేరు దారులేనా?

కాజీపేట_జంక్షన్
కానే కావు తమ్ముడూ. 1958లో భౌతిక శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ సౌర పవనానికి రాసిన సమీకరణాన్ని రాకెట్ నాజిల్ (వాయువు బయటికొచ్చే గొట్టం) సమీకరణం పక్కన పెట్టి చూడు. నాజిల్‌లో ఇరుకైన గొంతు దగ్గర వాయువు ధ్వని వేగాన్ని అందుకుంటుంది, అక్కడి నుంచి గొట్టం వెడల్పయ్యేకొద్దీ ఇంకా వేగం పెరుగుతుంది. సూర్యుడి చుట్టూ గొట్టమేమీ లేదు, ఆ గొంతు పనిని గురుత్వాకర్షణ చేస్తుంది, అందుకే కొన్ని సౌర వ్యాసార్థాల దూరంలో ధ్వని వేగం దాటిన సౌర పవనం భూమి దగ్గరికొచ్చేసరికి సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. నీ కోడ్‌లో గురుత్వాకర్షణ తీసేసి గొట్టం వైశాల్యం పెట్టు, నాజిల్ వస్తుంది. ముందు నీ కోడ్ సాడ్ షాక్ ట్యూబ్ టెస్టులో (వాయు ప్రవాహ కోడ్‌లను సరిచూసే ఒక ప్రామాణిక లెక్క) పాసవ్వాలి, దాని కచ్చితమైన జవాబు తెలుసు కాబట్టి అది కుదిరేదాకా ఏ గ్రాఫునూ నమ్మకు. ఒక్క మాట, మీ రాకెట్‌లో నీళ్లు బయటికి పోయేంతసేపు ఈ నాజిల్ లెక్క వర్తించదు. నీళ్లయిపోయాక మిగిలిన గాలి తన్నుకొస్తుంది చూడు, అక్కడ పనికొస్తుంది.

సర్క్యూట్_అక్క
లోడ్‌సెల్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చడానికి హెచ్‌ఎక్స్ 711 బోర్డేనా పెట్టింది? మామూలుగా అది సెకనుకు 10 రీడింగులే ఇస్తుంది. సీసాలో నీళ్లు సెకనులో చిన్న వంతులోనే ఖాళీ అయిపోతాయి, అంటే మొత్తం త్రస్ట్‌కు నీకు దొరికేది ఒకటో రెండో చుక్కలు, అవి ఎక్కడ పడితే అక్కడ పడతాయి. బోర్డు మీద వేగాన్ని ఎంచుకునే రేట్ పిన్ మారిస్తే 80 వస్తాయి గానీ అవీ చాలవు, సెకనుకు వెయ్యి దాకా తీసే ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్) పెట్టుకో. కోడ్‌లో టైమ్ స్టెప్ పెద్దదైతే లెక్క ఎలా చెదిరిపోతుందో ఇదీ అంతే. చక్కెరతో చేసే రాకెట్ ఇంధనం జోలికి మాత్రం ఇంట్లో పోవద్దు, ప్రాణాలకే ముప్పు, పైగా పేలుడు పదార్థాల చట్టం ఉంది.

ఓరుగల్లు_రాకెట్
హైదరాబాద్‌లోని ప్రైవేటు రాకెట్ కంపెనీ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ 2022 నవంబర్ 18న 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. నాజిల్ లెక్క వేయడం, కొలిచి చూసుకోవడం రెండూ వచ్చినవాళ్లు ఇట్లాంటి చోట కావాలి. దేన్నీ వదలకు.

హన్మకొండ_ఫిజిక్స్
అక్కా, మాది అదే బోర్డు! రేట్ పిన్ మార్చి ఆదివారం మళ్లీ కొలుస్తాం. అన్నా, వైశాల్యం పదాన్ని సోర్స్ టర్మ్‌గా (సమీకరణంలో విడిగా కలిపే పదంగా) పెట్టాలా, ఫ్లక్స్‌లోనే (ప్రవాహం లెక్కలోనే) కలపాలా?