అత్తగారు శాకాహారి, చంటాడు అల్లరి: టోక్యోలో పుల్లలతో తినే పాస్తా హోటల్‌కి వెళ్ళొచ్చా?

రాజమండ్రి_కోడలు

అందరికీ నమస్తే. మేముండేది టోక్యో నిషికసాయిలో, వచ్చి ఆరేళ్లయింది. మార్చి ఆఖర్లో మా అత్తయ్యగారు, మామయ్యగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు, చెర్రీ పూలు చూద్దామని. వాళ్లిక్కడ ఉండగానే వాళ్ల నలభయ్యో పెళ్లిరోజు పడుతుంది. మా ఆయనది ఒకటే పట్టు. ఇంతదూరం వచ్చి మళ్లీ నాన్, పనీర్ ఏంటి, ఇండియన్ హోటల్ వద్దు అంటారు. ఆఫీసు వాళ్లతో వెళ్లే జపనీస్ పాస్తా హోటల్ ఏదో ఉందట. స్పగెట్టీని చాప్‌స్టిక్స్‌తో తింటారట. అక్కడికి తీసుకెళ్తానంటున్నారు.

నా భయాలు చెప్తాను. అత్తయ్యగారు పూర్తి శాకాహారి. గుడ్డు కూడా ముట్టరు. కేకులో ఉంటే మాత్రం ఆవిడ అడగరు, మేం చెప్పం. ఉల్లి, వెల్లుల్లికి ఇబ్బంది లేదు. మామయ్యగారు కోడి, మేక, పులస అన్నీ తింటారు గానీ పచ్చి చేప పేరెత్తితే మొహం తిప్పేసుకుంటారు. పాపకి ఏడేళ్లు, బాబుకి మూడు. బాబు కుర్చీలో ఎనిమిది నిమిషాలకు మించి కూర్చోడు. గడియారం పెట్టి చూశాను.

పోయినేడు మా అమ్మ వచ్చినప్పుడు ఒక ఇటాలియన్ హోటల్‌లో దెబ్బ తిన్నాం. వచ్చిన జపనీస్‌లోనే "నికు నుకి", మాంసం లేకుండా, అని మూడుసార్లు చెప్పాను. పెపెరొంచీనో, అంటే వెల్లుల్లి, మిరపకాయ వేసిన స్పగెట్టీ, తెచ్చారు, దాని నిండా బేకన్ ముక్కలు. అడిగితే ఆ పిల్లాడు నిజంగానే ఆశ్చర్యపోయి "ఇది మాంసం కాదండీ, బేకన్" అన్నాడు. అమ్మ ఆ పూట బ్రెడ్డు, నీళ్లతో సరిపెట్టుకుంది. ఐస్ నీళ్లు, అదొకటి.

అత్తయ్యగారి విషయంలో ఆ సాహసం చెయ్యలేను. ఏం చెయ్యమంటారు?

తోజాయిలైన్_పాతకాపు

కోడలుగారూ, ఆ కుర్రాడి తప్పు లేదు. ఇక్కడి వాళ్ల నోట్లో "నికు" అంటే కంచంలో ముక్కగా కనబడే మాంసం. బేకన్, హామ్ వాళ్ల లెక్కలో మనకి పోపు గింజల్లాంటివి, రుచికి వేసేవి. చేపైతే ఎలాగూ "నికు" కాదు. అందుకని ఒక్క మాటతో పని జరగదు, ఒక్కోటీ పేరు పెట్టి చెప్పాలి.

నేనొచ్చి పదహారేళ్లయింది. మా అమ్మ మూడుసార్లు వచ్చింది, ఆవిడా శాకాహారే. మొదటిసారి మీ ఆయనలాగే నేనూ సరదాపడి ఆ జపనీస్ పాస్తాకే తీసుకెళ్లాను. పుట్టగొడుగులు, షోయూ (సోయా సాస్), వెన్న వేసిన స్పగెట్టీ చెప్పాను. మెనూ ఫొటోలో పుట్టగొడుగులు తప్ప ఏమీ లేవు. పళ్లెం వచ్చింది. పైన వడ్రంగి చిత్రిక పట్టిన పొట్టులాగా పల్చటి పొరలు, ఆవిరికి మెలికలు తిరుగుతున్నాయి. "ఒరేయ్, ఇవి కదుల్తున్నాయేంట్రా" అంది అమ్మ. అది కత్సువోబుషి, ఎండబెట్టి పొగ పట్టించి చెక్కిన చేప. పైనున్నది తీసేసినా లాభం లేదు, సాస్‌లోనూ అదే చేప నీళ్లు ఉంటాయి, దాషి అంటారు. మన చారుకి ధనియాలు, మిరియాలు ఎలాగో వాళ్లకి దాషి అలాగ. ఉందని చెప్పరు, దాచారనీ కాదు. అది లేకుండా వంట ఉంటుందని వాళ్లకి తోచదు.

ఈ వంటని వఫూ పాస్తా అంటారు, అంటే జపాన్ పద్ధతి పాస్తా. దీని పుట్టిల్లుగా చెప్పుకునేది 1953లో టోక్యోలో మొదలైన "కబె నో అనా", గోడలో కన్నం అని అర్థం. తరాకో, అంటే చేప జన, స్పగెట్టీలో కలిపింది వాళ్లేనంటారు. తర్వాత నాట్టో (పులియబెట్టిన సోయా గింజలు), షిసో అనే ఆకు, నోరి (సముద్రపు నాచు) ముక్కలు, ఒకటేమిటి అన్నీ ఎక్కేశాయి. మీ ఆయన చెప్పే చాప్‌స్టిక్స్ హోటల్ "యోమెన్‌యా గొయెమోన్" అయ్యుండొచ్చు, 1976లో షిబుయాలో మొదలైంది, ఇప్పుడు ఊరంతా ఉంది. మామయ్యగారికి, పిల్లలకి బ్రహ్మాండంగా ఉంటుంది. అత్తయ్యగారికి అక్కడ షోయూ వాసన వచ్చే ప్రతీదీ అనుమానమే.

నేను చివరికి పెట్టుకున్న పద్ధతి ఇది: వఫూ పాస్తాతోపాటు పిజ్జా పొయ్యి కూడా ఉన్న చోటుకే వెళ్లాలి. మేం షోయూ, జన, ఏది కావాలంటే అది తింటాం. అమ్మకి మార్గెరీటా, లేదంటే మరినారా. మరినారా అంటే టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే, చీజ్ కూడా ఉండదు. పాస్తాకి పోసే టమాటా సాస్‌లో కోడి కన్సోమే (సూపు) పొడి కలిపే వంటగదులు చాలా ఉన్నాయి గానీ పిజ్జా మీద పూసేది మామూలుగా ఉత్త టమాటానే. అయినా అడగండి.

మా ఆఫీసులో ఒకావిడ చేత జపనీస్‌లో కార్డు రాయించుకున్నాను. "మాంసం, బేకన్, హామ్, చేప, రొయ్య, వీటితో చేసిన సూపు, దాషి, గుడ్డు తినరు." కింద ఇంకో వరస: "పాలు, వెన్న, చీజ్ తింటారు." ఈ రెండో వరస మర్చిపోవద్దు. మొదటిది మాత్రమే చూపిస్తే వంటాయన కంగారుపడి ఒక గిన్నెలో క్యాబేజీ తరిగి పంపిస్తాడు. నాకు జరిగింది.

పెద్ద చెయిన్లలో అలెర్జీ పట్టిక అడగండి. చట్టప్రకారం ప్యాకెట్ల మీద తప్పక రాయాల్సినవి గుడ్డు, పాలు, గోధుమ లాంటివి కొన్నే. కానీ చాలా చెయిన్లు ఇంకా చాలా రకాలకీ గళ్లు గీసి పెడతాయి. అందులో గొడ్డుమాంసం, పంది, కోడి, జెలటిన్ గళ్లు ఉంటాయి. మనవాళ్లకి అదే వెజ్ మెనూ. ఒక్క చిల్లు ఉంది: కత్సువోకి గడి లేదు. చేపల్లో సాల్మన్, మాకెరెల్‌కే ఉన్నాయి. పట్టికలో అన్నీ ఖాళీగా కనబడ్డా దాషి ఉండొచ్చు, నోటితో అడగాల్సిందే.

యొకొహామా_బుల్లోడు

పాతకాపు గారు పీహెచ్‌డీ చేసినట్టున్నారు 😀 అంత అక్కర్లేదండీ. సైజేరియాకి వెళ్లండి, చవక ఇటాలియన్ చెయిన్. మిలానో దోరియా 300 యెన్లు. 2020 దాకా 299 ఉండేది, కరోనా టైములో చిల్లర చేతులు మారకుండా ఒక్క యెన్ పెంచి సరి లెక్క చేశారు. డ్రింక్ బార్ ఉంది, పిల్లలు మెలన్ సోడా పట్టుకుని సెటిల్ అయిపోతారు. పిల్లల మెనూ మీద రెండు బొమ్మల మధ్య పది తేడాలు కనిపెట్టే ఆట ఉంటుంది. పేరుకే పిల్లలది, పెద్దాళ్లకే దొరకవు. మీ వాడి ఎనిమిది నిమిషాలు ఇరవై అవుతాయి.

అన్నట్టు దోరియా మా ఊరి సరుకే. హోటల్ న్యూ గ్రాండ్‌లో స్విస్ వంటాయన సాలీ వైల్ కనిపెట్టాడు. అన్నం మీద తెల్ల సాస్, చీజ్ వేసి పొయ్యిలో కాలుస్తారు. ఇటలీలో అడిగితే నవ్వుతారు. నపోరితన్, అదే కెచప్ స్పగెట్టీ, పుట్టిందీ ఆ హోటల్‌లోనే. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం అక్కడ దిగింది. వాళ్లు స్పగెట్టీలో కెచప్ కలుపుకుని తినడం చూసి వంటాయన ఇరియే దాన్ని టమాటాలతో పద్ధతిగా చేశాడట. తర్వాత కాఫీ హోటళ్లన్నీ మళ్లీ కెచప్‌కే వచ్చేశాయి. మా పిల్లలకి అదే ప్రాణం.

తోజాయిలైన్_పాతకాపు

బుల్లోడు గారూ, మిలానో దోరియా మీద మాంసం సాస్ ఉంటుంది. ఆవిడకి పెట్టమంటారా? సైజేరియా నాకూ ఇష్టమే, చీబాలోని ఇచికావాలో మొదలైంది, నిషికసాయి నుంచి నది దాటి కాస్త వెళ్తే ఆ ఊరే. కానీ నలభయ్యో పెళ్లిరోజుకి కాదు. మర్నాటికి దాచుకోండి.

చీజ్_డిటెక్టివ్

ఒక మాట. అసలైన పర్మిజానో రెజ్జానో చీజ్ కోసం పాలని దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ అనే తోడుతోనే విరగ్గొడతారు, వాళ్ల నియమం అది. శుద్ధ శాకాహారులకి పనికిరాదు. అత్తగారికి చెప్పాలి కదా?

రాజమండ్రి_కోడలు

డిటెక్టివ్ గారూ, కేకులో గుడ్డు ఉన్న అరలోనే ఇదీ పెట్టేస్తున్నాను. మీరు కూడా ఆ తలుపు తియ్యకండి.

ఓరుగల్లు_పిల్ల

అక్కా, నేను ఫునబోరిల ఉంట. మా పోరడు గూడ మీ వాని లెక్కనే, నాలుగేండ్లు. తిండి ముచ్చట అన్నలు చెప్పిన్రు, నేను పోరగాండ్ల ముచ్చట చెప్త.

చిన్న ఇటాలియన్ హోటళ్లు కొన్ని బడికి పోని పిల్లల్ని రానియ్యరు. పది సీట్లుంటయి, వైన్ తాగెటోళ్లు కూసుంటరు. బుక్ చేసేటప్పుడే మూడేండ్ల బాబున్నడు, పర్వాలేదా అని అడుగు. తాబెలాగ్ అని హోటళ్ల సైటుంటది, దాంట్ల పిల్లలతోని పోవచ్చునా లేదా అని రాసి ఉంటది, అది సూడు. మేమొక్కసారి అడగక పొయ్యి తలుపుకాడికెల్లి వాపస్ వచ్చినం. ఆన ఒకటి.

సాయంత్రం అయిదుకి బుక్ చెయ్. అప్పుడే తెరుస్తరు, వంటాయన ఫ్రీగ ఉంటడు, నీ కార్డు నిమ్మళంగ సదువుతడు. ఏడున్నరకి పోతే ఎవ్వడు సదువుతడు? సోఫా ఉన్న బల్ల అడుగు, పిల్లగాన్ని గోడదిక్కు కూసోబెట్టు. కూసోంగనే "తొరిజరా" అని చిన్న పళ్లాలు అడుగు, అందరు అన్నీ పంచుకోవచ్చు. ఇటాలియన్ల ఎవల పళ్లెం వాళ్లదే అంటరుగని ఈడ ఏమనరు. పొగ రందికి లేదు, 2020 ఏప్రిల్ నుంచి లోపట సిగరెట్ బంద్. కొన్ని పాత చిన్న హోటళ్లకే ఇడుపున్నది, అవి తలుపు మీద రాసి పెడ్తరు.

పిల్లగానికి అందరికన్న ముందుగాల తెప్పియ్యి. "సకి ని" అను, ముందు అని. మా పోరడు ఆకలికే లొల్లి చేస్తడని నాకు ఏడాదికి సమజైంది.

ఇంగొకటి. పెద్దమనిషికి వేడినీళ్లు కావాలె గద? "ఓయు" అని అడుగు, పైసలు తీసుకోరు.

రాజమండ్రి_కోడలు

వెళ్లొచ్చాం. చెప్పకపోతే బాగోదు కదా, రాస్తున్నాను.

పొయ్యి ఉన్న చోటే దొరికింది, ఇంటి నుంచి నాలుగు స్టేషన్లు. అయిదుకి బుక్ చేశాం. బాబు సంగతి ముందే ఫోన్‌లో చెప్తే సోఫా బల్ల ఉంచారు. కార్డు (రెండు వరసలూ) ఇచ్చాను. రెండు నిమిషాల్లో వంటాయనే బయటికొచ్చారు. టమాటా పాస్తా సాస్‌లో కోడి కన్సోమే ఉందట, పాతకాపు గారి నోట్లో పంచదార పొయ్యాలి. పిజ్జా టమాటాలో ఏమీ లేదని, కావాలంటే అదే టమాటాతో వెల్లుల్లి, తులసి వేసి స్పగెట్టీ విడిగా చేసిస్తానని అన్నారు. వద్దన్నా చేశారు. మరినారా పిజ్జా కూడా తెప్పించాం.

అత్తయ్యగారు చాప్‌స్టిక్స్ పట్టుకుని ఒక్క పోగు పైకి లేపారు. అది జారింది. ఇంకోటి లేపారు. మూడోసారికి పక్కన పెట్టేసి పిజ్జా ముక్క చేత్తో తుంచుకుని, "దీనికేమో పుల్లలక్కర్లేదన్నమాట" అన్నారు. బాగుందా అని అడిగితే "వెల్లుల్లి మాడకుండా దించాడు" అన్నారు. ఆవిడ నోట అంతకంటే మెచ్చుకోలు నేను పెళ్లయ్యాక వినలేదు. వేడినీళ్లు మూడు గ్లాసులు తాగారు. ఓరుగల్లు చెల్లీ, ఆ ఒక్క మాటకి నీకు వెయ్యి దండాలు.

మామయ్యగారికి తరాకో స్పగెట్టీ చెప్పాం. గులాబీరంగు చూసి ఇదేంటన్నారు. చేప జన అన్నాం. పచ్చిదా అన్నారు. ఉప్పులో ఊరేసింది అన్నాడు మా ఆయన, అది నిజమే కదా, వండారని మేమెవరమూ అనలేదు. మొత్తం తినేశారు. "మన జన వేపుడు ముందు ఇదెంత" అంటూనే పళ్లెం అడుగున ఉన్నది పుల్లతో గీరుకున్నారు. పాప చాప్‌స్టిక్స్‌తో తాతగారికి పాఠం చెప్పింది. బాబుకి వెన్న పాస్తా ముందు తెప్పించాను. ఇరవై రెండు నిమిషాలు! తర్వాత బల్ల కింద దూరాడు గానీ అప్పటికి అందరిదీ అయిపోయింది.

మర్నాడు వాన. బుల్లోడు గారి మాట మీద సైజేరియా. అత్తయ్యగారికి మోజరెల్లా పిజ్జా, మాకు దోరియా. పిల్లల మెనూలో ఆ తేడాల ఆట పాప చేతిలోంచి మామయ్యగారి చేతిలోకి ఎప్పుడెళ్లిందో చూడలేదు. కళ్లజోడు మార్చి మరీ కూర్చున్నారు. గంటంపావుకి తొమ్మిది దొరికాయి. పదోది దొరికేదాకా లేవనన్నారు. చివరికి మా ఆయన ఫోన్‌తో ఫొటో తీస్తేగాని కుర్చీ వదల్లేదు. మొన్న వాళ్లు రాజమండ్రి చేరారు. నిన్న రాత్రి వీడియో కాల్‌లో పిల్లల్ని పలకరించకముందే అడిగారు, "ఆ పదోది తేలిందా?" అని.

బుల్లోడు గారూ, మీ పిల్లలకేమన్నా దొరికిందా? వసంతకాలం మెనూ, కుడిపక్క బొమ్మ.