సమస్యాపూరణం: "తలను నరికి తెచ్చి తల్లి కిచ్చె"

సంచాలకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలూ రాసి దానికి అర్థం కుదర్చాలి. పరశురాముడు తల్లి తల నరికాడు గాని దాన్ని తెచ్చి తల్లికివ్వలేదు. ఆయన జోలికి పోకండి. పూరణ చలికాలపు కూరగాయల మీదే ఉండాలి, అదీ మన విశాఖలో పండే తీరులో. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) తప్పితే సర్దుదాం, సేద్యం తప్పితే ఒప్పుకోం.

ఎంవీపీ మేడతోట:

కార్తికమున నారు కైగొని తా నాటి
పూవు తొడుగ నాకు పొదివి కట్టె;
తెల్లనైన గోబి తీరుగా పెరిగిన
తలను నరికి తెచ్చి తల్లి కిచ్చె.

పెందుర్తి మాస్టారు: ఆకు కట్టడం చెప్పారు చూడండి, అది చేతులతో చేసినవాళ్లు రాసే మాట. గోబీ (కాలీఫ్లవర్) పువ్వు కోడిగుడ్డంత కాగానే పక్కనున్న పెద్ద ఆకులు నాలుగు పైకి మడిచి, అరటినారతో వదులుగా కట్టాలి. లేకపోతే ఎండ తగిలి పసుపెక్కుతుంది. ఇక పద్యం. తొడుగన్ + ఆకు అని మీరు రాశారు, చదువుతుంటే మాత్రం పొదివి కట్టింది "నాకు" అన్నట్టుంది! పైగా కర్త లేడు. "కైగొని" ఉత్త పాదపూరణం. ఇలా మార్చి చూడండి:

కార్తికమున నారు కన్నయ్య తా నాటి
పూవు నాకులందు పొదివి కట్టె;

యతులూ నిలిచాయి, కన్నయ్యా దొరికాడు.

సంచాలకుడు: సవరణ బాగుంది. ఒక్క మాట కలుపుతాను. కార్తికంలో నాటాలంటే నారు ఆశ్వయుజంలోనే పోయాలి, నాలుగైదు వారాల నారు సరిగ్గా సరిపోతుంది. ఆ రోజులు మనకు తుపాన్ల రోజులు కూడా. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న మన దగ్గరే తీరం దాటింది. అందుకని నేల మీద నారుమడి కన్నా ట్రేలు మేలు, గాలి లేస్తే వసారాలోకి లాగేసుకోవచ్చు. వాన తగ్గలేదని నాటడం వాయిదా వేసుకుంటూ పోతే నారు ముదురుతుంది. ముదురు నారు నాటితే పువ్వు చొక్కా గుండీ అంత కట్టి అక్కడితో ఆగిపోతుంది. రకం విషయంలోనూ జాగ్రత్త. అరకు, లంబసింగి చలి సముద్రం పక్కన రాదు. విత్తనాల కొట్లో కాస్త వేడికి తట్టుకునే రకం అని గట్టిగా అడగండి.

గోపాలపట్నం పాలకూర:

మెంతి, పాలకూర మేడపై కోడలు
పక్షమునకు కొంత పరచి చల్లి
నాల్గు వారములకు నవనవలాడు లే
తలను నరికి తెచ్చి తల్లి కిచ్చె.

సీతమ్మధార శ్రోత: ఏటండీ, మేడ మీద కోడలు పెంచి తల్లికిచ్చేసిందా? అత్తగారు ఊరుకున్నారా?

గోపాలపట్నం పాలకూర: మేడ అత్తగారిది, వంట అమ్మది. పక్క వీధే.

సంచాలకుడు: ఈ వారానికి నాకు నచ్చిన పూరణ ఇదే. "లేతలను" అని విరవడంతో నరుకుడు భయం ఎగిరిపోయింది. సేద్యం కూడా పక్కా. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి చల్లితే అంతా ఒకేసారి ముదిరి వీధికి పంచాల్సి వస్తుంది. పదిహేను రోజులకోసారి చారెడు చల్లితే మాఘం దాకా కోసుకోవచ్చు. కొత్తిమీరా అంతే. ధనియాలు చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లండి.

గాజువాక కొత్తచేయి: మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.

ముల్లంగి నారు పోసి మురిపెముగ నాటి
మూడు వారములకు ముచ్చటపడి
ఆకు పప్పు కొరకు నమ్మాయి దానిదౌ
తలను నరికి తెచ్చి తల్లి కిచ్చె.

పెందుర్తి మాస్టారు: మూడో పాదం భేష్. ఆకునే తలగా చూడటం కొత్తగా ఉంది, ముల్లంగి ఆకు పప్పు రుచి తెలిసినవారే. మొదటి పాదమే చిక్కు. "ముల్లంగి" త-గణం (రెండు గురువులు, ఒక లఘువు), ఇంద్రగణాల్లోది. ఆటవెలది మొదట సూర్యగణం, అంటే గలం (గురువు, లఘువు) గాని నగణం (మూడు లఘువులు) గాని రావాలి. అంతకన్నా పెద్ద తప్పు నారు పోయడం. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ వేరులోనే కూర ఉన్నవి. ముల్లంగి, క్యారెట్ అయితే పీకి నాటగానే వేరు వంకరపోతుంది, చీలిపోతుంది. విత్తిన చోటే ఉంచి, ఒత్తుగా మొలిస్తే పలచన చేయడమే. మీ మూడో పాదానికి ముందు ఇవి పెట్టుకోండి:

మొక్క తీసి నాట ముల్లంగి చీలును
విత్తు నాటు చోటె వృద్ధి పొందు;

గాజువాక కొత్తచేయి: ధన్యవాదాలు మాస్టారూ. నిన్ననే ట్రేలో పోశాను, టెన్షన్ పట్టుకుంది!

పెందుర్తి మాస్టారు: రెండాకులు రాగానే మట్టితో సహా మార్చేయండి, లేదా ఆ ట్రేలోనే ఆకుకూరగా కోసేయండి. కుండీకి అడుగు లోతు ఉండాలి, మట్టిలో ఇసుక పాలు ఎక్కువుండాలి.

సింహాచలం సంపెంగ:

ఉత్తరముగ నిద్ర నున్నట్టి కరి గాంచి
శివుని యాన మేర సేవకుండు
గిరిజ సుతుని కొరకు కీలించ నేనుగు
తలను నరికి తెచ్చి తల్లి కిచ్చె.

సంచాలకుడు: శివుని, సేవకుండు; గిరిజ, కీలించ. యతులు ముత్యాల్లా కుదిరాయి. పద్యంగా అన్నిటికన్నా చక్కగా నడిచింది. కానీ కూరగాయ ఏదండీ?

సింహాచలం సంపెంగ: వినాయకుడి పత్రిలో వాకుడాకు ఉంది కదా, అది వంకాయకు దగ్గర చుట్టం.

సంచాలకుడు: అయితే ఆ చుట్టరికం మీదే ఇంకో పద్యం రాయండి. అందాకా ఇది పోటీలో లేదు.

సీతమ్మధార శ్రోత: పద్యం రాదు గాని ఒక ప్రశ్న. సంక్రాంతి వెళ్లాక గోబీ నారు పోయొచ్చా?

సంచాలకుడు: వద్దు. పువ్వు కట్టే వేళకి ఎండలు వచ్చేస్తాయి. అప్పుడు బెండ, ఆనప, దోస విత్తండి.